మొదటి పెట్టె మీది జిడ్డు

దానియేలుకు ఒక పాడలవాటు ఉంది. ఎవరింటికి వెళ్ళినా మనుషులను పలకరించే ముందు ఆ ఇంటి బీరువాను పలకరిస్తాడు. తలుపు అంచున గోటితో గీకి, రంగు కింద తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ పూత వేశారో ఎగ్గొట్టారో చూసుకుంటే గానీ ఆయనకు మంచినీళ్ళు గొంతు దిగవు. పెళ్ళిచూపుల నాడు పిల్ల ఇంట్లో బీరువా వెనక్కి దూరితే, వాళ్ళ నాయన చొక్కా పట్టి బయటికి లాగాడని చుట్టాలు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. ఆ పిల్లే జాస్మిన్, ఇప్పుడు ఆయన భార్య. ఆమె మాత్రం నవ్వదు.

అలాంటి మనిషి చర్చిలో అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థిస్తుంటే తాను కళ్ళు తెరిచి కూర్చున్నాడంటే ఆశ్చర్యమేముంది. ఆయన చూపంతా గిటారు వాయించే ఎబినేజర్ కాలి కింద ఉంది. అక్కడ అరచేతిలో పట్టేంత లోహపు పెట్టె ఒకటి. దాన్ని తొక్కితే గిటారు గొంతు మారిపోతోంది, ఒకసారి ఏడ్చినట్టు, ఒకసారి గుహలోంచి పిలిచినట్టు. దానియేలుకు ఆ గొంతుతో పని లేదు. పెట్టె మీద రంగు లేదు, అదీ ఆయన బాధ.

ఆమెన్ అనగానే వెళ్ళి అడిగాడు. "తమ్మీ, గీ డబ్బాకు రంగెందుకు కొట్టలే?"

"పెడల్ అంటరు అంకుల్ దీన్ని. నాగోల్ల ఒక మేడం చేస్తది. రంగు కొట్టేటోళ్ళ కోసమే దేవులాడుతుంది" అన్నాడు ఎబినేజర్.

ఆ మేడం పేరు సూర్యప్రభ. తెనాలి నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెప్పేది. ఎవరో విద్యార్థి పాడైపోయిన పెడల్ తెచ్చి చూపిస్తే మూత విప్పింది, ఆ విప్పిన మూత మళ్ళీ బిగించలేదంటారు ఆమె ఇంట్లోవాళ్ళు. ఇప్పుడు వాళ్ళ భోజనాల బల్ల మీద కంచాలకు చోటు లేదు. అంతా వైర్లూ, టంకం పొగా.

"మా చిన్నప్పుడు టీవీ పక్కన స్టెబిలైజర్ ఉండేదండీ, బూడిద రంగుది" అని చెప్పింది ఆమె దానియేలుతో. "ఒళ్ళంతా సుత్తితో కొట్టినట్టు సొట్టలు. చెయ్యి పెడితే మాత్రం నున్నగా ఉండేది. సుత్తి ఎక్కడా తగల్లేదు కదా, మరి ఆ సొట్టలెలా వచ్చాయా అని గంటలకొద్దీ చూసేదాన్ని. నా పెడల్స్ అలా ఉండాలి."

"హ్యామర్ ఫినిషు మేడం అది. నేను రంగు కొట్టే స్ప్రే గన్ను పట్టుడు నేర్సుకున్నదే దాని మీద" అన్నాడు దానియేలు. ఆయనకు ఆ క్షణంలోనే ఆమె మీద గౌరవం కలిగింది. తను కూడా చిన్నప్పుడు అదే ప్రశ్న పట్టుకుని వాళ్ళ నాయన ప్రాణం తీసినవాడే మరి.

నాయన సరూర్‌నగర్‌లో బీరువాలకు స్ప్రే కొట్టేవాడు. నల్లగొండ దిక్కు పల్లె వదిలి వచ్చి, ఆ పని పట్టి, చివరికి దగ్గి దగ్గి పోయాడు. ఆయన గన్నే దానియేలు చేతికి వచ్చింది. అప్పట్లో బీరువాలు, లాకర్లు, స్టెబిలైజర్లు, అన్నీ హ్యామర్ బూడిదే. ఇప్పుడు గోడల్లోనే చెక్క అలమారాలు కట్టుకుంటున్నారు. ఎల్బీనగర్‌లోని దానియేలు షెడ్డుకు అడపాదడపా ఒక గేటో, కిటికీ గ్రిల్లో వస్తోంది. బావ ఆనంద్ కుమార్ బాటసింగారం పండ్ల మార్కెట్ గేటు దగ్గర కొలువు చూసిపెట్టాడు. కుర్చీలో కూర్చుని లారీలకు చీటీలివ్వడం. "పొగ లేదు, దుమ్ము లేదు. నెలాఖరు లోపట ఏదో ఒకటి చెప్పు బావా" అన్నాడు. ఈ పెడల్ పెట్టెల పని కుదిరితే ఉండిపోవడం, కుదరకపోతే గన్ను అమ్మేసి కుర్చీ ఎక్కడం, అని దానియేలు మనసులో నిశ్చయించుకున్నాడు. కుర్చీ ఎక్కడం ఆయనకు బొత్తిగా ఇష్టం లేదు. లారీ చీటీలో తెలుసుకోవడానికి ఏముంటుంది?

మొదటి విడత పెట్టెలు తెచ్చుకున్నాడు. సాయంత్రం ఇంట్లో కూర్చుని ఎమెరీ కాగితంతో రుద్ది, థిన్నర్ గుడ్డతో తుడిచి, కుట్టుమిషను బల్ల మీద వరసగా పేర్చి, దుమ్ము పడకుండా పేపరు కప్పాడు. పొద్దున్నే సంచిలో వేసుకుని షెడ్డుకు పోయి రంగు కొట్టాడు.

సొట్టలు రాలేదు. పాత కంపెనీ డబ్బా ఇప్పుడు దొరకడం లేదు, షాపువాడిచ్చిన కొత్త రంగు చప్పగా పరుచుకుంది. ఒక్కటంటే ఒక్క పెట్టె మీద మాత్రం గుండ్రంగా, లోతుగా, వెండి మెరుపుతో సొట్టలు లేచాయి. నాయన కాలం నాటి లాకరు మీద కూడా అంత అందంగా వచ్చినట్టు ఆయనకు గుర్తులేదు.

సూర్యప్రభ ఆ ఒక్కటీ చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి చూసింది. "ఇదండీ నాకు కావలసింది. దీన్ని ఎలా చేశారో అన్నీ అలాగే చేసిపెట్టండి. ఒక్కోటి ఒక్కోలా ఉంటే నేను అమ్మలేను. కుదరదంటే ఏమీ అనుకోకండి, ఫ్యాక్టరీలో పౌడర్ కోటింగ్‌కి ఇచ్చేస్తాను" అంది.

"అట్లనే చేస్త మేడం" అని వచ్చేశాడు. ఎలా చేశాడో తనకే తెలియదని చెప్పడానికి నోరు రాలేదు.

రెండో విడతలోనూ అంతే, ఒక్కటే వచ్చింది. ఇక దానియేలుకు అన్నం సహించలేదు. గాలి తగ్గించి చూశాడు, పెంచి చూశాడు. దగ్గరి నుంచి కొట్టాడు, దూరం నుంచి కొట్టాడు. ఎండలో ఆరబెట్టాడు, నీడలో ఆరబెట్టాడు. పైన మెట్రో రైలు పోయినప్పుడు షెడ్డు అదురుతుంది కదా, దాని వల్లేమోనని రైలు కోసం గన్ను పట్టుకుని కాచుకుని కూర్చున్నాడు కూడా. పక్క పంక్చర్ షాపువాడు ఈయనకు ఎండదెబ్బ తగిలిందనుకున్నాడు.

చివరికి ఒక సంగతి పట్టాడు. బాగా వచ్చేది ఎప్పుడూ బల్ల మీద వరసలో మొదట పెట్టిన పెట్టే. ముందు కొట్టడం వల్లనేమో అని, మూడో విడతలో దాన్ని అన్నిటికన్నా చివర కొట్టాడు. అయినా అదే వచ్చింది. అంటే కిటుకు గన్నులో లేదు, రంగులో లేదు, పెట్టెలోనే ఉంది.

నాలుగో విడత నాడు ఆ మొదటి పెట్టెను వెలుతురులోకి పట్టుకుని చూశాడు. ఏమీ కనిపించలేదు. వాసన చూశాడు. అద్దం తుడిచేవాళ్ళు ఊదినట్టు నోటితో ఆవిరి ఊదాడు. పెట్టె మీద మసక కమ్మింది, ఆ మసక నడుమ ఒక సిలువ తేలింది.

దానియేలు చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. దేవుడే దిగివచ్చాడనుకున్నాడు, దాచడమెందుకు. మళ్ళీ ఊదాడు. ఈసారి సిలువ కింది కొస ఎడమకు వంగి ఉండటం చూశాడు. అలా వంకరగా గీసే వేలు భూమి మీద ఒక్కటే. పొయ్యిరాయి పడి వంకరపోయిన వాళ్ళమ్మ ఎల్లమ్మ బొటనవేలు. సిలువ చుట్టూ, పెట్టె నాలుగు పక్కలా, ముసలి అరచేతుల జిడ్డు పలచగా పరుచుకుని ఉంది.

పని ఆపేసి ఇంటికి పోయాడు. ఎల్లమ్మ గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"అమ్మా, డబ్బాకు నూనె రాసినవా?"

"రాసిన. ప్రార్థన నూనె. పొద్దుగాల లేసి, మొదటిదాన్ని రెండు చేతులల్ల పట్టుకుని ప్రార్థన చేస్త. ప్రథమ ఫలం దేవునిది గద బిడ్డా."

"ఎప్పటి సంది?"

"నువ్వు గన్ను పట్టినప్పటి సంది."

"బీరువాలకు గూడనా?"

"సద్ది తెచ్చినప్పుడల్లా, కొత్త సరుకు దిగితే మొదటిదానికి పెట్టేదాన్ని."

షెడ్డులో రంగు కొట్టే ముందు ప్రతి బీరువానూ థిన్నర్ గుడ్డతో తుడవడం దానియేలుకు నాయన నేర్పిన మొదటి పాఠం. ఈ చిన్న పెట్టెలు ముందు రోజే తుడిచి ఇంట్లో పెట్టబట్టి అమ్మ చెయ్యి వాటి మీద మిగిలింది. అంతకు ముందు పెట్టినవన్నీ ఆయనే తుడిచేశాడు.

"నేను తుడిచేటోన్ని గదనే" అన్నాడు.

"తెల్వదా నాకు? అక్కడనే కూసుని చూసేదాన్ని. నేను పెట్టేది, నువ్వు తుడిచేది."

"మరి చెప్పకపోతివి."

"నీ పని నువ్వు చేస్తున్నవ్, నా పని నేను చేస్తున్న. చెప్పేదానికి ఏముంది?" అని ఎల్లమ్మ మళ్ళీ చింతపండు మీద పడింది.

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కానీ నెలాఖరు దగ్గరపడుతోంది, పైగా దానియేలు దానియేలే. "అమ్మా, అన్ని డబ్బాలకు రాస్తవా?" అన్నాడు.

"అన్నీ దేవునికే ఇస్తే మనం ఏం తింటం? మొదటిదే ఆయనది" అని ఎల్లమ్మ తేల్చేసింది.

అదీ ఒకందుకు మంచిదే అయింది. ఆ ఆదివారం చర్చిలో, మొదటి విడతలో బాగా వచ్చిన పెట్టె ఎబినేజర్ కాలి కింద కనిపించింది. దానియేలు వంగి గోటితో గీకాడు. తొక్కిన చోట రంగు ఉల్లిపొరలా లేచి వచ్చింది. జిడ్డు మీద రంగు నిలవదు, అందుకే ముడుచుకుని సొట్టలు పడుతోంది, అందుకే ఊడిపోతోంది కూడా. మరి జిడ్డు కింద కాకుండా రంగులోనే ఉంటే? ఆ రోజు పాస్టరుగారు ఏం చెప్పారో ఆయనకు ఒక్క ముక్క గుర్తులేదు.

మర్నాడు జాస్మిన్ కొబ్బరినూనె సీసా షెడ్డుకు మాయమైంది. నూనె ఎక్కువైతే రంగు చిల్లులు పడింది. తగ్గించుకుంటూ, తగ్గించుకుంటూ పోయి, అగ్గిపుల్ల కొసకు అంటినంత కలిపేసరికి సొట్టలు లేచాయి. గుండ్రంగా, లోతుగా, పెట్టెలన్నిటి మీదా ఒకేలా. ఆరాక టేపు అంటించి లాగాడు, గోటితో గీకాడు, బూటుకాలితో తొక్కాడు. ఊడలేదు. ఆయనకు ఎగిరి గంతేయాలనిపించింది. దాంతోపాటు, ప్రార్థన లేని తలనూనెతో కూడా అవే సొట్టలు వచ్చినందుకు మనసు కొంచెం చిన్నబోయింది. బావకు ఫోన్ చేసి, కుర్చీ ఇంకెవరికైనా ఇప్పించమన్నాడు.

ఇంటికొచ్చి అమ్మకు భయపడుతూ చెప్పాడు. "నీ నూనె గాదమ్మా, ఏ నూనెకైనా సొట్టలొస్తయి."

ఎల్లమ్మ నవ్వింది. "నేను సొట్టల కోసం అడిగిన్నా బిడ్డా? మీ నాయన లెక్క నీకు దగ్గు రావొద్దని అడిగిన. వచ్చిందా?"

రాలేదు. ఇన్నేళ్ళు ఆ పొగలో బతికినా రాలేదు. మూతికి కట్టుకునే గుడ్డ వల్లనా, గాలాడే షెడ్డు వల్లనా, దేనివల్లనో ఆయన ఎప్పుడూ ఆలోచించలేదు. అన్నిటినీ గీకి చూసే మనిషి దీన్ని మాత్రం గీకి చూడదలుచుకోలేదు.

"బయట పెట్టకమ్మా, రంగు ఊడుతది. మూత లోపట పెట్టు, ఆడ నేను రంగే కొట్టను" అన్నాడు.

"దేవునికి లోపలైతే ఏంది, బయటైతే ఏంది" అంది ఎల్లమ్మ.

అయిదో విడత నాగోల్ చేరింది. మర్నాడు సూర్యప్రభ ఫోన్ చేసింది.

"దానియేలు గారూ, అచ్చం మా స్టెబిలైజరేనండీ, అన్నీ ఒక్కలాగే వచ్చాయి. వచ్చే విడత కూడా మీకే పంపిస్తున్నాను. ఒక్క పెట్టెకి మాత్రం మూత లోపల ఏదో జిడ్డు అంటుకుంది. నేనే తుడిచేస్తాలెండి."

"తుడవకండి మేడం" అన్నాడు దానియేలు. "ఇన్నేండ్లు నేను తుడిచింది సాలు."