ఉదయం పూట పలకని దొరగారు

2003లో నేను రాజమండ్రిలో ఒక కంప్యూటర్ల సంస్థలో సీనియర్ కస్టమర్ ఇంజనీరుగా ఉన్నాను. హోదా వినడానికి ఘనంగానే ఉంటుంది. చేసే పని మాత్రం స్క్రూడ్రైవర్లు, సీడీలు నింపిన బ్యాగు భుజాన తగిలించుకుని ఉభయ గోదావరి జిల్లాల బస్సులన్నీ ఎక్కి దిగడం. ఆ ఏడాది దసరా వెళ్లగానే నాకు అప్పగించిన పని, పాలకొల్లు దగ్గర ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో ఒకే ఒక్క కంప్యూటర్‌కి ఆపరేటింగ్ సిస్టమ్ మార్చడం. సగం రోజు పని అనుకుని వెళ్లాను. ఆ ఒక్క కంప్యూటర్ కోసం నేను ఆ ఊరికి ఎన్నిసార్లు తిరిగానంటే, చివరికి కండక్టరు నన్ను ఏ ఊరని అడగడం మానేశాడు.

ఆ కంప్యూటర్ శారద గారిది. ఆవిడకి చిన్నప్పటి నుంచి చూపు లేదు. కాలేజీలో చాలా ఏళ్లుగా టెలిఫోన్ ఆపరేటరు. వచ్చిన ఫోన్లన్నీ ఆవిడ దగ్గరికే వచ్చేవి, ఆవిడే ఆయా గదులకి కలిపేవారు. ఆ వేసవిలో కాలేజీ వారు కొత్త ఎక్స్ఛేంజి పెట్టించారు. దాంతో బయటివాళ్లు కావలసిన గదికి నేరుగా ఫోన్ చేసుకోవచ్చు. అంటే ఆపరేటరు అవసరం దాదాపు పోయినట్టే. ఆవిడని తీసేస్తారన్న మాట ఆఫీసులో తిరగడం మొదలైంది. అప్పుడు శారద గారే ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లి, తాను టైపు నేర్చుకున్నాననీ, తెర మీద అక్షరాలను పైకి చదివి వినిపించే ప్రోగ్రాం ఒకటుందనీ, అది పెట్టిస్తే ఆఫీసు ఉత్తరాలు తానే తయారు చేయగలననీ చెప్పారు. ఆ ప్రోగ్రాం పాత ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడవదు. అందుకే నన్ను పిలిచారు.

సిస్టమ్ మార్చాను. ప్రోగ్రాం ఎక్కించాను. రెండు చిన్న స్పీకర్లు వెనక కలిపాను. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే బాగా వినపడుతుందని చెప్పి చూశాను గానీ ఆవిడ వద్దన్నారు. చెవులు మూసుకుంటే ఫోన్ మోగినా, కౌంటర్ దగ్గరికి ఎవరైనా వచ్చినా తెలియదన్నారు. ఆ మాట న్యాయమైనదే. ప్రోగ్రాం గొంతు ఇంగ్లీషులో, ముక్కుతో మాట్లాడినట్టు ఉండేది. శారద గారు కాసేపు విని, "ఈయన అచ్చం దొరగారిలా ఉన్నారండి" అన్నారు. అప్పటి నుంచి ఆఫీసులో అందరికీ ఆ గొంతు దొరగారే. సూపరింటెండెంట్ వీర్రాజు గారైతే రోజూ పొద్దున్నే దొరగారికి నమస్కారం పెట్టేవారట.

వీర్రాజు గారి గురించి ఒక మాట చెప్పాలి. గుమాస్తాలందరి మీదా పెద్ద ఆయనే. శారద గారి ఉద్యోగం నిలబడాలని ఆ కాలేజీలో అందరికన్నా ఎక్కువ ఆరాటపడింది కూడా ఆయనే. కంప్యూటర్ కోసం మంచి గాలి వచ్చే మూల ఎంచి, బల్ల వేయించి, మంచిరోజు చూసి నన్ను గురువారం రమ్మన్నది ఆయన. నాకు సాయంత్రం టీ, పునుగులు తెప్పించి బస్సు ఎక్కించింది కూడా ఆయనే.

మర్నాడు పొద్దున్నే ఆయన దగ్గర నుంచి ఫోన్. దొరగారు నోరు విప్పడం లేదన్నారు.

నేను వెళ్లేసరికి మధ్యాహ్నం కావస్తోంది. రాజమండ్రిలో బస్సెక్కితే ఎప్పుడూ అంతే. వెళ్లి చూస్తే శబ్దం రావడం లేదు. శబ్దం పుట్టించే చిప్ ఈ యంత్రంలో మదర్‌బోర్డు మీదే అతికి ఉంటుంది, దాన్ని ఆన్‌బోర్డ్ సౌండ్ అంటాం. ఆ చిప్‌కీ ఆపరేటింగ్ సిస్టమ్‌కీ మధ్య దుబాసీ పని చేసే చిన్న ప్రోగ్రాం డ్రైవర్. కొత్త సిస్టమ్ తన దగ్గరున్న డ్రైవర్ ఏదో తానే వేసుకుంది. నేను దాన్ని తీసి బోర్డుతో వచ్చిన సీడీలో డ్రైవర్ వేసి, యంత్రం ఆపి మళ్లీ పెట్టాను. దొరగారు పలికారు. సంతోషంగా వచ్చేశాను.

మళ్లీ పొద్దున్నే ఫోన్.

ఇక అక్కడి నుంచి నాకూ ఆ చిప్‌కీ మధ్య పంతం మొదలైంది. వెళ్లిన ప్రతిసారీ ఏదో ఒకటి మార్చేవాణ్ణి. విద్యుత్తు ఆదా కోసం సిస్టమ్ తానే చిప్‌ని నిద్రపుచ్చే ఏర్పాటు ఉంటుంది, దాన్ని తీసేశాను. యంత్రం లేవగానే అన్నిటికన్నా ముందు నడిచే బయోస్‌లో సౌండ్ సెట్టింగు మార్చాను. స్పీకర్లు మార్చాను. చివరికి సిస్టమ్ అంతా తుడిచి మొదటి నుంచి ఎక్కించాను. చేసిన ప్రతిసారీ మధ్యాహ్నానికి శబ్దం వచ్చేది. నేను నా మరమ్మతు ఫలించిందని నమ్మి బస్సు ఎక్కేవాణ్ణి. పొద్దున్న మళ్లీ మామూలే. శారద గారు మాత్రం విసుక్కోలేదు. ఫోన్ తీసుకుని, "దొరగారికి ఇంకా తెల్లారలేదండి. భోజనం వేళకి లేస్తారేమో చూద్దాం" అనేవారు. ఆ మాటలో నాకు కావలసినదంతా ఉంది. నేను దాన్ని పరిహాసంగానే విన్నాను.

ఇలా ఉండగా కరస్పాండెంట్ గారు, అంటే కాలేజీ యాజమాన్యం తరఫు పెద్ద, ఒకసారి వచ్చి చూశారు. భీమవరం వైపు రొయ్యల చెరువులున్న మనిషి. ఆయన చెడ్డవాడు కాదు. నన్ను పక్కకి పిలిచి సూటిగా అడిగారు: "చెరువులో నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్ ఆగిందనుకోండి, మనం బాగుచేయించేదాకా రొయ్య ఆగదు కదండీ. ఇది ఆగితే ఆవిడ ఏం చేస్తారు?" వచ్చే సోమవారం పొద్దున్న తానూ, ఇంకో ఇద్దరు సభ్యులూ కూర్చుంటామనీ, ఆవిడ తమ ఎదుట ఒక ఉత్తరం తయారు చేస్తే ఉద్యోగం ఖాయమనీ, లేకపోతే లెక్క చూసి పంపించడం తప్పదనీ చెప్పి వెళ్లారు.

విడి సౌండ్ కార్డు వేస్తే ఆన్‌బోర్డ్ గొడవే ఉండదు. కానీ మా స్టాకులో లేదు. విజయవాడ నుంచి తెప్పిస్తే ఆ సోమవారం దాటాకే వస్తుందన్నారు. నేను శారద గారికి ఫోన్ చేసి, వాయిదా అడుగుదామా అన్నాను. ఆవిడ గొంతులో మొదటిసారి నవ్వు లేదు.

"నాకు వాయిదా అంటే వద్దనడమేనండి. చూపున్నవాళ్లు అడిగితే యంత్రం పాడైంది అంటారు. నేను అడిగితే నాకు చేతకాలేదు అంటారు."

ఆ మాట నన్ను పట్టుకుంది. ఆదివారం సాయంత్రమే వెళ్లి పాలకొల్లులో లాడ్జిలో దిగాను. ఆ కంప్యూటర్‌ని ఉదయం పూట చూడటం నాకు అదే మొదలు. తెల్లవారుజాము నుంచి ముసురు. ఆఫీసు గోడలు కూడా చెమ్మగా ఉన్నాయి. ఆఫీసు తెరిచీ తెరవగానే స్విచ్ వేశాను. తెర మామూలుగా వెలిగింది. డ్రైవర్ సరిగ్గా ఉంది. చిప్ పనిచేస్తున్నట్టు సిస్టమ్ చూపిస్తోంది. స్పీకర్లలో చప్పుడు లేదు. శారద గారు ఇస్త్రీ చీర కట్టుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుని, దొరగారు ఏమైనా చదువుతారేమోనని కీబోర్డు మీద బాణం గుర్తు నొక్కుతూనే ఉన్నారు. నేను నిజంగా భయపడ్డాను. నా ఉద్యోగానికేం ఢోకా లేదు. పోయేది ఆవిడది.

అంతలో వీర్రాజు గారు పళ్లెంలో కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, అగరొత్తుల కట్ట పట్టుకుని వచ్చారు. పెద్దమనుషులు వచ్చేలోగా యంత్రానికి ఒకసారి పూజ చేసేస్తానన్నారు. వద్దనడానికి నాకు ఓపిక లేక పక్కకి జరిగాను. ఆయన కంప్యూటర్ కేబినెట్‌కి బొట్టు పెట్టి, అగరొత్తులు వెలిగించి, వంగి ముందు భాగంలో కింద ఉన్న ఒక రంధ్రంలో గుచ్చబోయారు. అవి దిగలేదు. మళ్లీ గుచ్చారు. దిగలేదు.

"అదేంటండీ, ఆ మొదటి గురువారం చక్కగా దిగాయి" అన్నారు.

ఆ రంధ్రం హెడ్‌ఫోన్ పెట్టుకునేది. శారద గారు హెడ్‌ఫోన్ వద్దన్నారు కాబట్టి అది ఖాళీగా ఉండిపోయింది. వీర్రాజు గారిని అడిగితే అప్పుడు చెప్పారు. ఆ గురువారం సాయంత్రం నేను బస్సెక్కాక ఆయన కొత్త సిస్టమ్‌కి పూజ చేశారు. అగరొత్తులు గుచ్చడానికి తెచ్చిన అరటిపళ్లు ముందే ప్రసాదంగా పంచేశారు. చేతికి అందిన రంధ్రంలో రెండు పుల్లలు కలిపి గుచ్చారు. కాలిపోయాక లాగితే మొదలు విరిగి లోపలే ఉండిపోయింది. అది ఆయన గమనించలేదు.

ఇందులో మర్మం ఏమిటంటే, ఆ రోజుల్లో అలాంటి బోర్డుల్లో శబ్దం నేరుగా వెనక స్పీకర్లకి పోదు. ముందున్న హెడ్‌ఫోన్ రంధ్రం దాకా వచ్చి, అక్కడ ఒక చిన్న స్ప్రింగు రేకు మీదుగా తిరిగి వెనక్కి వెళుతుంది. ముందు హెడ్‌ఫోన్ గుచ్చితే రేకు పైకి లేచి వెనక స్పీకర్లు ఆగిపోతాయి. వీర్రాజు గారి వెదురుపుల్ల ఆ రేకుని అంచు మీద నిలబెట్టింది. రాత్రి చెమ్మకి పుల్ల ఉబ్బి రేకుని ఎత్తేసేది. కేబినెట్ వేడెక్కి మధ్యాహ్నానికి పుల్ల ఎండితే రేకు మళ్లీ కిందికి తగిలేది. అప్పటికి నేను బస్సు దిగి వచ్చి ఏదో ఒక సెట్టింగు మార్చేవాణ్ణి.

రంధ్రంలో ఇనుము పెట్టేముందు కరెంటు తీయాలన్నది మా నియమం. తొందరలో ఉన్నా తీశాను. సన్న పట్టకారుతో ఎర్రరంగు అద్దిన పుల్ల ముక్క బయటికి లాగి, రేకుని సూదితో నొక్కి సరిచేసి, స్విచ్ వేశాను. వీర్రాజు గారి చేతిలో అగరొత్తులు వెలుగుతూనే ఉన్నాయి. ముందు సిస్టమ్ లేచేటప్పుడు వచ్చే చిన్న సంగీతం వినిపించింది. తరవాత దొరగారు ముక్కుతో మాట్లాడటం మొదలుపెట్టారు. శారద గారు కళ్లు తుడుచుకోలేదు, వేళ్లు కీబోర్డు మీద నుంచి తీయలేదు. "గుడ్ మార్నింగ్ అండి దొరగారూ" అన్నారు. నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. వెళ్లి బెంచీ మీద కూర్చున్నాను.

పెద్దమనుషులు వచ్చారు. కరస్పాండెంట్ గారు చెప్పినది ఆవిడ టైపు చేశారు. దొరగారి చేత మొత్తం చదివించుకుని, ఒకచోట కరస్పాండెంట్ గారే తప్పు చెప్పిన తేదీని అడిగి మరీ దిద్దారు. ఆయన ఉత్తరం చూసి సంతకం పెట్టి, రేపటి నుంచి ఉత్తరాలు ఇక్కడికే పంపమని ప్రిన్సిపాల్‌తో అన్నారు. వెళుతూ నన్ను ఒక్కటే అడిగారు, మళ్లీ ఆగదు కదా అని. ఆగదండీ అన్నాను. అప్పటికి నాకు కారణం తెలుసు కాబట్టి ధైర్యంగా అనగలిగాను.

వీర్రాజు గారు మాత్రం చాలాసేపు తల ఎత్తలేదు. శారద గారే పిలిచి, "నాకోసం మీరింక దణ్ణం పెట్టుకుంటే చాలండి, అగరొత్తులు వద్దు" అన్నారు. ఆఫీసంతా నవ్వింది. ఆయనా నవ్వారు. నేను సర్వీసు రిపోర్టులో ముందు హెడ్‌ఫోన్ జాక్‌లో అడ్డు తొలగించడమైనదని మాత్రమే రాశాను.

శారద గారు ఆ కుర్చీలోనే పదవీ విరమణ చేశారు. ఆ యంత్రంలో శబ్దం కోసం నన్ను మళ్లీ పిలవలేదు. నేను నేర్చుకున్నది ఇది. సిస్టమ్ మార్చిన రోజు నుంచి వచ్చిన ప్రతి లోపం సిస్టమ్ మార్చడం వల్ల వచ్చింది కాదు. ఆ రోజు ఆ యంత్రం దగ్గర ఇంకా ఎవరెవరు ఏమేం చేశారో అడగాలి, లోపం కనపడే వేళకే వెళ్లి చూడాలి. తరవాత నా కింద పనిచేసిన ఇంజనీర్లందరికీ, డ్రైవర్ సీడీ బయటికి తీసే ముందు ఒక ప్రశ్న తప్పకుండా అడగమని చెప్పేవాణ్ణి: పూజ చేశారా, చేస్తే అగరొత్తులు ఎక్కడ గుచ్చారు అని. కొత్తగా చేరినవాళ్లు నవ్వేవారు. అడిగి వచ్చినవాళ్లు నవ్వేవారు కాదు.