తెరచాప తాడుకు కొట్టు ముడి

గాలి పెరిగితే తెరచాప తాడు వెంటనే వదలాలని, అందుకే ఒక్క లాగుతో ఊడే ముడి వేయాలని మా బావమరిది తన పడవలో నాకు నేర్పాడు. ఊడే ముడిని కిరాణా కొట్లో పెరిగినవాణ్ణి నేనెలా నమ్ముతాను? పైగా నేనడక్కుండా అతను నేర్పడమే అనుమానం. అతను చుక్కాని వైపు తిరగగానే, పొట్లాలకు వేసే పీటముడి ఒకటి దానిమీద బిగించాను.

ధవళేశ్వరం ఎగువన, గోదావరి మధ్యలో గాలి విసురుకు పడవ ఒరిగింది.

“తాడు వదలండి బావగారూ.”

లాగాను. ఊడలేదు.

“ఏం చేశారండీ?”

“జాగ్రత్తకని ఇంకో ముడి వేశాను.”

“గోదారి మీ బెల్లం పొట్లం విప్పుకుపోద్దనుకున్నారా?” అంటూ కత్తితో తాడు కోసేశాడు. పడవ నిలదొక్కుకుంది.

కొత్త తాడు నన్ను కొనమంటాడని ఒడ్డు చేరేదాకా ఎదురుచూశాను. అడగలేదు. ఎందుకడగలేదో ఇప్పటికీ అంతుపట్టడం లేదు.