కూర్చోనివ్వని కుర్చీ

ఊళ్లు పట్టి తిరిగినవాణ్ని, చాలా దుకాణాల్లో చతికిలబడ్డాను. మనిషి ఎలాంటివాడో అతను చదివే పుస్తకాలు చెప్పవు, ఎవరిని కూర్చోబెడతాడో అది చెబుతుంది. ఈ సంగతి నాకు ఆలస్యంగా, ఒక దర్జీ గదిలో తెలిసింది.

అందరూ అతన్ని గుండుసూదుల మామ అనేవారు. పనిలో ఉన్నంతసేపూ పెదవుల మధ్య నాలుగైదు సూదులుండేవి. వాళ్లావిడకు జవాబు చెప్పకుండా తప్పించుకోవడానికేనని గిట్టనివాళ్లనేవారు. ఇరుకు గది. కుట్టుమిషను, ఇస్త్రీబల్ల, నా స్టూలు, గోడవారన తెల్లటి తొడుగు వేసిన కుర్చీ. ఆ కుర్చీ యేసు ప్రభువుది. రోజూ దాన్ని తుడిచి, ముందు మోకరించి, "వచ్చి కూర్చో తండ్రీ" అని ప్రార్థించాకే మిషను తొక్కేవాడు. ఇరవై ఏళ్లుగా అందులో మరొకర్ని కూర్చోనివ్వలేదు. భక్తంటే ఇదీ అని నేనే పదిమందికీ చెప్పాను.

ఒక మధ్యాహ్నం ఆస్పత్రిలో నేలలు తుడిచే ఆవిడ డ్యూటీ దిగి వచ్చింది. కొత్త యూనిఫాం గౌను పొడుగై మెట్ల మీద కాళ్లకు అడ్డం పడుతోందట. ఇంటి బట్టల మీదే దాన్ని తొడుక్కుని, "అమ్మయ్య" అంటూ కుర్చీలో కూలబడబోయింది.

"ఆగమ్మా, ఆగు! అది ప్రభువుది."

ఆవిడ సగం వంగినదల్లా లేచింది. "బయటికెళ్లారా? ఎప్పుడొస్తారు?"

"ఇక్కడే ఉన్నారమ్మా. కనబడరంతే."

"అయితే ఆయన పక్కన నిలబడతాలే అన్నా. నిలబడ్డం నాకేమన్నా కొత్తా?"

నేను నవ్వాను. స్టూలు మీంచి లేవలేదు.

మామ సూదులు నోట పెట్టుకుని ఆవిడ పాదాల దగ్గర మోకరించాడు. అంచు సమంగా రావాలంటే మనిషి కదలకూడదు. ఆవిడ ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి ఒరుగుతోంది. "ఊఁ!" అని గద్దించాడు. ఆవిడ గోడకు చెయ్యి ఆనించింది. అంచు ఒక పక్కకు లేచిపోయింది. విసుగ్గా కిందికి చూశాడు.

చెప్పుల పట్టీలు వాచిన పాదాల్లోకి దిగిపోయి ఉన్నాయి. ఎడమ చీలమండకు గుడ్డ చుట్టి ఉంది.

మామ చెయ్యి ఆగిపోయింది. పొద్దున కుర్చీ ముందు మోకరించిన చోటికి ఇది జానెడు దూరం. నోటినిండా సూదులు. ఒక్కొక్కటే తీసి, "కూర్చో తల్లీ" అనేసరికి ఆవిడ గౌను విప్పేస్తోంది.

"ఇప్పుడెందుకన్నా? కూర్చుంటే మళ్లీ లేవలేను."

ఆవిడ వెళ్లిపోయింది. మామ కుర్చీ తొడుగు లాగేశాడు. "ఇరవై ఏళ్లు రమ్మని పిలిచాను. వస్తే నిలబెట్టాను."

"నువ్వు మోకాళ్ల మీదన్నా ఉన్నావు మామా," అన్నాను.

రెండు రోజులు కుర్చీ గుమ్మం దగ్గరే వేసి ఎదురుచూశాడు. గౌను కోసం ఆవిడ తమ్ముడొచ్చాడు. "అక్క డ్యూటీలో ఉంది. కుర్చీలో ఆయన బాగున్నారా అని అడగమంది."

మామ గౌను మడతపెట్టి అతని చేతికిచ్చాడు. నేను స్టూలు మీంచి లేచి నిలబడ్డాను, రెండు రోజులు ఆలస్యంగా.