పలుగురాయి మెచ్చిన ఇనుము

గ్రానైటు బండ మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను: ఇందులో ప్రతి అక్షరమూ నిజం. నమ్మకపోతే మా యూనివర్సిటీ వెనక గుట్టల్నే అడగండి. అవి నాకంటే పెద్దవి, నాకంటే తక్కువ మాట్లాడతాయి.

అరవైల చివర్లో నేను జియాలజీలో రీసెర్చ్ చేస్తుండేవాణ్ణి. రీసెర్చ్ అంటే అడవిలో రాళ్ళు కొట్టి, జీపు వెనక తగిలించిన ట్రైలర్‌లో వేసుకుని క్యాంపస్‌కు తేవడం. ఆ ఏడు మా డిపార్ట్‌మెంట్ ట్రైలర్ వాగు మధ్యలో కూలబడింది. టేకు చట్రం బోల్టుల దగ్గర నాని చీలిపోయింది. నా రాళ్ళన్నీ వాగుపాలు. వాగులో పడ్డ రాయికీ వాగు రాయికీ తేడా చెప్పగలిగితే నాకు అక్కడే డాక్టరేట్ ఇచ్చేవాళ్ళు.

మా పెద్దసారు తేల్చి చెప్పారు: "వానలు పడకముందే ఇంకొక్క ట్రిప్పు. కొత్త చట్రం నువ్వే చేయించుకో. ఈసారి గూడ రాళ్ళు రాకుంటే నీ థీసిస్ ఖతం. వేరే టాపిక్ చూస్కో."

నేను బెదరలేదు. రాళ్ళ సంగతి తెలిసినవాడికి ఇనుమొక లెక్కా!

తార్నాకలో ఒక వెల్డింగ్ షెడ్డు, దాని ముందు పాత ఇనుప సామాను కుప్ప ఉండేవి. నా హాస్టల్ గది మిత్రుణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను. అతను కడప వైపువాడు, ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పేవాడు.

జియాలజీవాళ్ళకు ఒక అలవాటుంది. ఏది కనబడినా ఎంత గట్టిదో గీసి చూస్తాం. జేబులో పలుగురాయి ముక్క లేకుండా పెళ్ళికి కూడా వెళ్ళం. ఆ కుప్పలో ఉన్న ప్రతి ఇనుమునూ గీశాను. అల్యూమినియం రేకు వెన్నలా తెగింది. కాలువలా గాడి ఉన్న మామూలు ఇనుప కమ్మీ, అదే చానల్, దాని మీద లోతుగా గీత పడింది. చివరికి దొరికింది నా దేవత: క్వారీల్లో తోపుడు బండ్లు నడిచే సన్నరకం రైలు పట్టా. దాని మీద వెంట్రుకవాసి గీత. సుత్తితో కొడితే గుడిగంటలా మోగింది.

"ఇదే," అన్నాను.

మిత్రుడు తల కొట్టుకున్నాడు. "యేమప్పా, అది గీయడానికా, మోయడానికా? గట్టిది యిరుగుతాది. చానల్ వంగుతాది. వంగిందైతే ఇంటికన్నా వస్తాది. యిరిగితే యాడికి పోతావు?"

"రాతిబండ్లు మోసి ఇరగంది నా సంచులు మోస్తే ఇరుగుతదా? నీ చానల్ మీద గీత చూడు, వంకాయ కోసినట్టు పడ్డది!"

వెల్డరు నా పక్షమే. మీసం దువ్వి, "పట్టానే పెట్టుండ్రి సార్. నా వెల్డింగ్ జోడు ఊడితే ఈ మీసం తీసేస్త," అన్నాడు.

చట్రం సిద్ధమైంది. రాళ్ళు నింపి, పెద్దసారును జీపులో కూర్చోబెట్టి, క్యాంపస్ వెనక బండల మీద పరీక్షకు బయలుదేరాం. మొదటి గతుకు దాటింది. నేను మిత్రుడి వైపు రాజులా చూశాను. రెండో గతుకులో ఫెడేల్‌మని చప్పుడు. పక్కనున్న మాణికేశ్వర్ నగర్ జనం బయటికొచ్చారు. ట్రైలర్ ముందు సగం జీపుతో పోయింది, వెనక సగం రాళ్ళతో కూర్చుంది. పెద్దసారు వెనక్కి తిరిగి, "మంచిగున్నది. తేలికైంది," అన్నారు.

వెల్డరు పరుగున వచ్చి వంగి చూశాడు. "జోడు చూడుండ్రి! జర్రంత గూడ ఊడలే. దాని పక్కకు ఇరిగింది. గది మీ పట్టా తప్పు." మీసం క్షేమం.

"వెల్డింగ్ వేడికి ఆ గట్టి ఇనుము పెళుసెక్కింది," అన్నాడు మిత్రుడు, పెళ్ళికొడుకులా నవ్వుతూ.

చానల్‌తోనే మళ్ళీ చేయించాం. మధ్యలో అడ్డకమ్ములు, పైన నల్లమద్ది చెక్క పలకలు. మబ్బులు పట్టే రోజుల్లో అడవికి వెళ్ళాం. తిరుగుదారిలో అదే వాగులో ఒక చక్రం బండల సందున దిగబడింది. చట్రం మెలి తిరిగి ముసలి ఎద్దులా మూలిగింది. నేను రాళ్ళ సంచుల్ని కౌగిలించుకుని కూర్చున్నాను. జీపు ఇంకోసారి గుంజింది. చక్రం పైకొచ్చింది.

క్యాంపస్ చేరాక చూస్తే ఒక మూల శాశ్వతంగా వంగిపోయి ఉంది. ఒక్క రాయి కూడా పోలేదు. పెద్దసారు ఆ వంకరను తట్టి, "రాస్కో పో," అన్నారు. రాశాను. డాక్టరునయ్యాను.

బండ మీది చెయ్యి ఇంకా తియ్యలేదు కనుక ఒక్క కల్పన ఒప్పుకోవాలి. ఆ వెల్డరుకు అసలు మీసమే లేదు. పట్టా విరిగితే మీసం తీసేస్తానని కడప మిత్రుడితో పందెం కట్టింది నేను. ఆ రాళ్ళ పక్కన బోడిమూతితో నిలబడ్డ కుర్రవాడి ఫొటో ఇప్పటికీ మా డిపార్ట్‌మెంట్ గోడ మీద ఉంది. "ఎవరు సార్ ఇతను?" అని పిల్లలడిగితే తెలియదంటాను. రాళ్ళు మాత్రం నావేనని చెబుతాను.