కోటిపల్లి ఏటిగట్టు మీద మనల్ని నడవనివ్వరు

గురువారం సాయంత్రం కరుణ ఫోన్ చేసి, "ఈ శనివారం నడకకి తెలిసినవాళ్లెవరూ కనపడని చోటు చూడవే" అంది. కరుణ, నేను రాజమండ్రిలో ఒకే వీధిలో ఇరవై ఏళ్లుగా ఉంటున్నాం. తను ఎయిడెడ్ స్కూల్లో బయాలజీ టీచరు, నేను ఇన్సూరెన్సు ఆఫీసులో గుమస్తాను. ఆదివారాలు తనకి చర్చి ఉంటుంది కాబట్టి మా నడకలన్నీ రెండో శనివారాలే. ఎక్కడికి వెళ్లాలన్నది ఎప్పుడూ నేనే తేలుస్తాను, తను వచ్చి చెప్పులు కరుస్తున్నాయనో ఎండగా ఉందనో సణుగుతుంది. ఈసారి తనే షరతు పెట్టేసరికి సంగతేంటని అడిగాను. కడియంలో నర్సరీ ఉన్న రాజారావు గారు తనని పెళ్లి చేసుకుంటారా అని అడిగారట. ఆయన భార్య పోయి నాలుగేళ్లయింది, కరుణ భర్త పోయి ఆరేళ్లు. కరుణకి యాభై నాలుగు. "ఆదివారం ఆరాధన అయ్యాక చెప్పండి. వద్దంటే ఇంకెప్పుడూ ఈ మాట ఎత్తను" అన్నారట. ఆయన అన్నమాట మీద నిలబడే మనిషని నాకూ తెలుసు. అంటే శనివారం పొద్దుగూకేలోగా కరుణ ఏదో ఒకటి తేల్చుకోవాలి. మా వీధిలో గట్టిగా తుమ్మితే నాలుగిళ్లవాళ్లు పలకరిస్తారు, అందుకని ఏటిగట్టు అనుకున్నాం.

ఈ కబురు విని నాకు సంతోషం కలగలేదు. రిటైరయ్యాక ఇద్దరం గోదావరి ఒడ్డంతా విడతలు విడతలుగా అంతర్వేది దాకా నడవాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాం. ఇప్పుడు తను పెళ్లి చేసుకుంటే ఆ ఒడ్డంతా నేనొక్కదాన్నే నడవాలి. నాకు మొదట తట్టింది అదే. ఫోన్‌లో మాత్రం "సరే, మాట్లాడుకుందాం" అని ఊరుకున్నాను.

శనివారం ఆరున్నరకి రాజమండ్రి బస్టాండులో మండపేట బస్సెక్కాం. పల్లెవెలుగు బస్సు, ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకి టికెట్‌కి డబ్బుల్లేవు. కడియం చుట్టుపక్కల రోడ్డు పొడుగునా నర్సరీలే, పొద్దున్నే మొక్కలు ఎక్కించుకుంటున్న లారీలే. ఆ కాసేపూ కరుణ కిటికీ వైపు చూడకుండా బస్సు టాపు వైపు చూస్తూ కూర్చుంది. నాకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. గంట తర్వాత మండపేటలో దిగి, బస్టాండు పక్కన ఇడ్లీ తిని, కపిలేశ్వరపురం వైపు ఆటో మాట్లాడుకున్నాం. రెండొందల యాభైకి ఒప్పుకున్నాడు. ఊరు దాటి గట్టెక్కాక ఆపమంటే ఆపాడు గానీ ఇంజను కట్టెయ్యలేదు.

"ఇక్కడేముందండీ?" అన్నాడు చుట్టూ చూసి.

"ఏం లేదు. ఇక్కణ్నుంచి కోటిపల్లి వైపు నడుస్తాం."

"నడవడమేంటండీ బాబూ! చాలా దూరమండి, ఎండెక్కుద్ది. కూర్చోండి, పంటెక్కే రేవు కాడ దింపేత్తాను. డబ్బులేం ఇవ్వక్కర్లేదు, నేనెలాగూ అటే వెళ్తన్నాను."

వద్దని వద్దని పంపించాం. మేం దిగాక అతను వెనక్కి తిప్పుకుని మండపేట వైపే వెళ్లాడు.

మేం వెళ్లింది డిసెంబరులో. ఆ గట్టు మీద నడవాలంటే అదే మంచి కాలం. కోటిపల్లిలో కార్తీకమాసం రద్దీ తగ్గిపోయి ఉంటుంది, పొద్దున పదింటి దాకా ఎండ చురుక్కుమనదు. కుడిచేతి వైపు గౌతమి, ఎడమచేతి వైపు కొబ్బరితోటలు, కోతలైపోయిన చేలు. గట్టు రోడ్డు మీద సగం మేర ధాన్యం ఆరబోసి ఉంది. పరిచిన బరకాల అంచు తొక్కకుండా జాగ్రత్తగా నడవాలి, తొక్కితే కాపలా కూర్చున్నవాళ్లు ఏమీ అనరు గానీ మనకే తప్పుచేసినట్టుంటుంది. కొన్ని ఇళ్ల ముందు క్రిస్మస్ నక్షత్రాలు కట్టారు. ఏరు మధ్యలో ఇసుక మేటలు వేసి, ఆ మూల కాస్త, ఈ మూల కాస్త పారుతోంది. గట్టు మీద నిలబడితే ఒకవైపు నీళ్లూ కిందే, మరోవైపు ఇళ్ల కప్పులూ కిందే కనిపిస్తాయి. వరదల్లో ఆ నీళ్లు ఈ కప్పులకన్నా ఎత్తున పారతాయి, కింద ఆ ఇళ్లలో జనం అన్నాలు తిని పడుకుంటారు. ఇంత మట్టిని నమ్ముకుని ఎలా నిద్రపోతారా అనుకున్నాను. అంతలోనే, నేను పడుకునేది కూడా గోదావరి గట్టుకి ఆమడ దూరంలో కాదు కదా అని గుర్తొచ్చింది.

"అసలు నా భయమేంటంటే..." అని కరుణ మొదలుపెట్టింది. వెనకనుంచి మోటారుసైకిలు వచ్చి ఆగింది. భార్యని ఎక్కించుకుని వెళ్తున్న పెద్దాయన. "ఎక్కడికండీ? బండి పాడైందా? ఈవిణ్ని దింపేసి వచ్చి మిమ్మల్ని ఎక్కించుకెళ్లనా?" అన్నాడు. ఊరికే నడుస్తున్నామంటే నమ్మలేదు. ఆయన్ని పంపించి, కరుణ మళ్లీ "భయమంటే మరీ భయమని కాదు" అనేసరికి ఎరువుల బస్తాల ట్రాక్టరు ఆగింది. ఆ తర్వాత కాలేజీ పిల్లలిద్దరు ఒక బండి మీద వచ్చి, తాము దిగి నడుస్తామని, బండి మమ్మల్ని తీసుకోమని బతిమాలారు. మా ఇద్దరికీ బండి నడపడం రాదని చెబితే ఇంకా జాలిపడ్డారు. నేను వైజాగ్ బీచిలో నడిచాను, తిరుపతి కొండ దారిలో నడిచాను, ఎక్కడా ఎవరూ నన్ను పట్టించుకున్న పాపాన పోలేదు. ఇక్కడ ఇద్దరాడవాళ్లు కాళ్ల మీద వెళ్తుంటే ఏదో ఆపద వచ్చిందనే అందరి లెక్క. కరుణ భయం ఏమిటన్నది మాత్రం ఒక్క వాక్యం కూడా ముందుకు సాగలేదు.

నాలుగోసారి పాల క్యాన్ల బండి ఆగేసరికి నాకు ఒళ్లు మండింది. అతను నోరు తెరవకముందే "మొక్కుందండీ" అనేశాను.

అతను వెంటనే కాలు కింద పెట్టి దణ్నం పెట్టాడు. "అలాగా అండీ, తెలీక ఆపానండి. వెళ్లిరండమ్మా, అంతా మంచే జరుగుద్ది" అని క్యాన్లు చప్పుడు కాకుండా మెల్లిగా వెళ్లిపోయాడు.

"నీ మొక్కులోకి నన్నెందుకు లాగావే? నేను చర్చికి పోయేదాన్ని" అంది కరుణ.

"నీ మాట పూర్తవ్వాలని మొక్కుకున్నాను, సరేనా? ఇంక చెప్పు."

ఆ తర్వాత అరగంట ఎవరూ ఆపలేదు. కరుణ చెప్పింది. ఆరేళ్లుగా మంచానికి అడ్డంగా పడుకోవడం అలవాటైపోయిందని. పొద్దున్నే రేడియో ఎంత గట్టిగా పెట్టినా అడిగేవాళ్లు లేరని. ఈ సంగతి తెలిస్తే స్టాఫ్‌రూములో ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటారని. "అమ్మా, నీకు ఎలా బాగుంటే అలా చెయ్యి" అని విశాఖపట్నంలో ఉన్న కూతురు అందట, ఆ మాటలో సంతోషం ఉందో లేదో తెలియక రెండు రాత్రులు నిద్రపట్టలేదట. ఇవన్నీ వద్దనడానికి కారణాలే. నేను లోలోపల ఒక్కొక్కటీ ఏరుకుంటున్నాను. "నువ్వేమంటావు?" అని అడిగితే, "నీ ఇష్టం" అని, అప్పుడే ఇసుక మేట మీద వాలిన కొంగల్ని ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను. నా మాటకి విలువ ఉంటుందని తెలిసే అలా తప్పించుకున్నాను.

పాల బండి మా కన్నా ముందు వెళ్లిందన్న సంగతి మేం మరిచిపోయాం. తర్వాతి ఊరి మొదట్లో ఒకావిడ రెండు గ్లాసుల మజ్జిగతో గట్టు మీద నిలబడి ఉంది. వద్దనే వీల్లేదు. ఇంకాస్త ముందుకెళ్తే రేకుల షెడ్డులో టీ కొట్టు, మేం ఆగకముందే లోపలినుంచి "మొక్కు నడక మీదేనాండీ? రండి, కూర్చోండి" అని పిలుపు. కొట్టు నడిపే ఆవిడ పేరు సత్యవతి. బూరెల మూకుడులో పుణుకులు వేస్తోంది. బెంచీ మీద ఇద్దరు రైతులు టీ తాగుతున్నారు.

"ఏం మొక్కు తల్లీ? పిల్లల పెళ్లికా?" అంది సత్యవతి గారు కరుణ చేతికి ప్లేటిస్తూ.

కరుణకి అబద్ధం ఆడటం రాదు. స్కూల్లో సెలవు పెట్టడానికి తలనొప్పి అని కూడా చెప్పలేదు. కాసేపు పుణుకుల వంక చూసి, "పెళ్లికేనండి. నా పెళ్లికి" అంది.

రైతులిద్దరూ గ్లాసులు దించారు. సత్యవతి గారు మాత్రం చిల్లుల గరిటె ఆపలేదు. "మీకాండీ? ఈ వయసులోనా? మా ఆయన పోయి ఏడేళ్లయిందమ్మా. హాయిగా ఉన్నాను. వేళకి లేస్తాను, నా మటుకు నేను వండుకుంటాను. మళ్లీ ఒకళ్లకి చాకిరీ ఎందుకు చెప్పండి? నా మాటిని ఆ మొక్కేదో మానేసి ఇంటికెళ్లి పడుకోండి" అంది.

నా పని సులువైపోయింది అనుకున్నాను. పైకి ఒక్క మాట అనకుండా, నాకు కావలసిన మాట వేరే మనిషి అనేసింది. కరుణ వైపు చూస్తే మొహం ఎర్రబడి ఉంది.

"చాకిరీ అని మీకెవరు చెప్పారండీ?" అంది. "ఆయన తిన్న కంచం ఆయనే కడుక్కుంటారు. మా స్కూల్లో మొక్కలు నాటడానికి వచ్చి పిల్లలతో పాటు కింద కూర్చుని తిన్నారు, నేను కళ్లారా చూశాను. నేను మాట్లాడుతుంటే మధ్యలో ఫోన్ చూసుకోరు. నాకు సాయంత్రం ఆరు దాటితే ఇంట్లో మాట్లాడే దిక్కులేదు. టీవీలో వార్తలు చదివేవాళ్లకి సమాధానాలు చెప్తున్నాను. ఆయన వచ్చి అరగంట కూర్చుంటే ఆ పూట అన్నం రుచిగా ఉంటుంది. ఇది చాకిరీ ఎలా అవుద్దండీ?"

రెండు గంటల్లో నాతో చెప్పనివన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఫోన్ మాట దగ్గర నాకు చురుక్కుమంది, చేతిలో ఫోన్‌ని సంచిలో వేసేశాను. సత్యవతి గారు అంతా విని, పుణుకులు తీసి పళ్లెంలో పోసి, "అయితే అన్నీ బాగానే ఉన్నాయి కదండీ. మరింక మొక్కెందుకు?" అంది. రైతులు నవ్వారు. కరుణ నవ్వలేదు. టీ పది రూపాయలు, పుణుకులు ప్లేటు ఇరవై. ఆ దారిలో మళ్లీ తినడానికి ఏమీ దొరకదు కాబట్టి అక్కడ ఆగడం మంచిది.

అక్కణ్నుంచి కరుణ నాకన్నా పదడుగులు ముందు నడిచింది. ఎప్పుడూ వెనకపడే మనిషి. మధ్యలో ఇద్దరు ముగ్గురు బండ్లు ఆపినా, మొహాలు చూసి ఏమీ అడగకుండా వెళ్లిపోయారు. కోటిపల్లి గుడి గోపురం కనిపించే దాకా నేనూ పలకలేదు. ఇంక ఉగ్గబట్టలేక, "నువ్వెళ్లిపోతే నాతో నడిచేవాళ్లెవరే? అందుకే ఏమీ అనలేదు" అన్నాను.

తను ఆగి నన్ను ఎగాదిగా చూసింది. "అదా నీ బాధ? కడియం ఎంత దూరమే పిచ్చిదానా? బస్సు కూడా ఉచితం" అంది.

పన్నెండు దాటాక రేవులో పంటెక్కాం. పంటంటే రెండు పెద్ద పడవల మీద చెక్కలు పరిచి, మోటారుసైకిళ్లతో, కార్లతో సహా ఏరు దాటించే బల్లకట్టు. మనిషికి టికెట్ ఇరవై లోపే. అవతల ఒడ్డు ముక్తేశ్వరం, కోనసీమ. బండ్ల వాళ్లూ, కొబ్బరికాయల వ్యానూ, పూల బుట్ట పట్టుకున్న ఒకావిడా, ట్యూషన్‌కి వెళ్లొస్తున్న పిల్లలూ ఎక్కారు. ఎండకి మేం వెనక వైపు, ఇంజను నీడలో నిలబడ్డాం. పంటు కదిలాక కరుణ ఫోన్ తీసింది.

"రేపు చర్చిలో చెప్పాలన్నావు కదా" అన్నాను.

"రేపటికి మళ్లీ భయమేస్తుందేమో" అని నంబరు నొక్కింది.

ఇంజను దడదడలాడుతోంది. "హలో, నేనండీ, కరుణని... పంటు మీదున్నాను... పంటు! పంటు!... లేదండీ, రేపు కాదు, ఇప్పుడే చెప్దామని... సరేనండీ... సరే అంటున్నాను... వినపడట్లేదా?" అని, ఒక చెవి మూసుకుని, క్లాసులో ఆఖరి బెంచీకి వినపడేలా అరిచే గొంతుతో, "పెళ్లికండీ! మీరడిగారు కదా, పెళ్లికి! సరే! చేసుకుందాం!" అంది.

పంటు మీద ఉన్న ప్రతి మనిషీ ఇటు తిరిగాడు. తెలిసినవాళ్లెవరూ కనపడని చోటు చూడమన్న మనిషి గోదావరి నడిమధ్య అందరికీ చెప్పేసింది. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని అలాగే నిలబడింది. "ఏమంటున్నారు?" అని అడిగాను. "ఆఁ అన్నారు. ఇంకేం మాట్లాడలేకపోతున్నారు" అంది. పూల బుట్ట ఆవిడ జనాన్ని తప్పించుకుంటూ వచ్చి, "పెళ్లెవరికమ్మా?" అని అడిగింది. "నాకేనండి." ఆవిడ ఇంకేమీ అడగలేదు. మూరెడు కనకాంబరాలు తెంపి కరుణ చేతిలో పెట్టింది. డబ్బులిస్తే తీసుకోలేదు. ఆరేళ్లుగా కరుణ పూలు పెట్టుకోవడం నేను చూడలేదు. కాసేపు వాటిని అరచేతిలో పట్టుకుని నీళ్ల వైపు చూసి, నాకు వీపు తిప్పి, "పెట్టవే" అంది. నా తలలో పిన్ను తీసి పెట్టాను. నాకు ఏడుపొచ్చింది, అందరూ చూస్తున్నా ఏడ్చేశాను.

ముక్తేశ్వరంలో బస్సెక్కి అమలాపురం, అక్కడ భోజనం చేసి, రావులపాలెం మీదుగా ఐదున్నరకి రాజమండ్రి చేరాం. ఇంటికొచ్చాక ఆలోచిస్తే, కరుణకి కావలసింది జనం లేని చోటు కాదనిపించింది. ఇరవై ఏళ్ల స్నేహితురాలు "నీ ఇష్టం" అంటే తను ముందుకు కదల్లేకపోయింది, ముక్కూ మొహం తెలియనావిడ వద్దంటే ఎదురు తిరిగింది. నేను మొదట్లోనే వద్దని ఉంటే నాకూ అలాగే ఎదురు తిరిగేదేమో. నాకు తను దూరమవుతోందన్న దిగులు ఇప్పటికీ ఉంది, తన గొంతులో ఆ రోజు విన్నదానికి సంతోషమూ ఉంది, ఈ రెంటిలో ఒకటి తగ్గుతుందని కూడా అనుకోవడం లేదు. మీరు వెళ్లాలనుకుంటే ఒక్క సలహా. ఏట్లో నీరు పెరిగితే పంటు ఆపేస్తారు, ముందు రోజే కనుక్కుని బయల్దేరండి. ఎక్కాక ఫోన్ మాట్లాడే పనుంటే ముందు వైపుకి వెళ్లండి. మాటను దాచుకునే ఉద్దేశం లేకపోతే మాత్రం, ఇంజను పక్కనే నిలబడండి.