రెక్క కొసన మడత

ఆదివారం పొద్దున అయిదింటికి లేవడమంటే నాకు ప్రాణం మీదికి వచ్చినట్టుంటుంది. వారమంతా చిక్కపేటలో మేకులూ, తలుపు బందులూ అమ్ముకునేవాడికి ఆ ఒక్కరోజన్నా నిద్ర దక్కాలా వద్దా? అయినా తొమ్మిదేళ్లుగా లేస్తున్నాను. కాటన్‌పేటలో మా వీధి చివరింట్లో ఉండే గురుమూర్తన్నకు రిమోట్‌తో ఎగిరే విమానాలు చేసే పిచ్చి ఉంది. నాకేమో సరుకు తోలే వ్యాను ఉంది. ఆయన పిచ్చికీ నా వ్యానుకూ ఎవరు ముడిపెట్టారో తెలియదు గానీ, ఆ ముడి ఇంకా ఊడలేదు. మధ్యలో ఆ పిచ్చి నాకూ కొంచెం అంటుకుంది. ఇప్పటికి నాలుగు విమానాలు చేశాను. నాలుగూ నేలకు కొట్టాను.

గురుమూర్తన్న గురించి చెప్పడానికి మా విమానాల క్లబ్బులో చాలామంది ఉన్నారు. నేను చెప్పబోయేది వ్యానులో వెనక సీట్లో ఆరడుగుల రెక్కను ఒళ్లో అడ్డంగా పెట్టుకొని కూర్చునే మనిషి గురించి. ఆయన భార్య సత్యభామక్క. నా వ్యాను రాకముందు ఆ రెక్కను స్కూటరు వెనక కూర్చొని మోసేది. గాలికి రెక్క లేచిపోకుండా దాన్ని స్కూటరుకు వారగా, పొడవునా ఆనించి రెండు చేతులతో అదిమిపట్టుకునేది. ఎగరేసే మైదానం దాకా, హోసూరు రోడ్డు మీద అట్లా ఇరవై ఏళ్లు. మెట్రో ఇప్పుడు బొమ్మసంద్ర దాకా వచ్చింది గానీ, ఆ రెక్కతో రైలెక్కి జనంలో నిలబడే ధైర్యం మాకెవరికీ లేదు.

అక్క వాళ్ల నాన్న కాటన్‌పేటలోనే చీరలకు పాలిష్ పట్టేవాడు. అక్క పెళ్లయ్యేదాకా ఆ అంగట్లోనే పెరిగింది. పట్టు ముడుచుకోకుండా, జరీ కమలకుండా ఇస్త్రీపెట్టె ఎంత వేడిగా ఉండాలో చెంప దగ్గరికి తెచ్చుకొని చూసి చెప్పేదట. గురుమూర్తన్న ఆ రోజుల్లో బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. పెళ్లయిన కొత్తలో ఒకనాడు ఆయన రెక్కకు కప్పే పల్చని ఫిల్మును ఇస్త్రీ పెట్టబోయి చిల్లులు పొడుస్తుంటే, వంటింట్లోంచి వాసన పట్టి వచ్చి, పెట్టె లాక్కుందట. ఆనాటినుంచి ఈనాటిదాకా, అంటే ముప్పై మూడేళ్లు, ఆ పెట్టె తిరిగి ఆయన చేతికి పోలేదు.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. పాత పద్ధతి విమానమంటే బాల్సా అనే తేలిక చెక్కను బ్లేడుతో కోసి, ఎముకల గూడులా అతికించి చేసేది. ఆ గూడు మీద జిగురు పూసిన ఫిల్ము కప్పి ఇస్త్రీ చేస్తే అది అంటుకొని, వేడికి ముడుచుకొని, మద్దెల తోలులా బిగుసుకుంటుంది. ఒక పక్క కొంచెం ఎక్కువ బిగిసిందా, రెక్క మెలి తిరుగుతుంది, విమానం ఆ పక్కకే పడుతుంది. గురుమూర్తన్న విమానం రిమోట్ వదిలేసినా గీత గీసినట్టు పోతుందని అందరూ చెప్పుకుంటారు. ఆ గీత గీసిన చెయ్యి ఎవరిదో ఎవరూ చెప్పుకోరు. రెక్క గూడు తయారవగానే అన్న దాన్ని మంచం మీద పెట్టి, "ఇస్త్రీ చేసిపెట్టు" అని చెప్పి టీ తాగడానికి పోతాడు. చొక్కాకూ అదే మాట, రెక్కకూ అదే మాట. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా?

ఏడాదికొకసారి మా క్లబ్బులో పాత పద్ధతి పోటీ పెడతారు. ఈ రోజుల్లో పెట్టెలోంచి తీసి నేరుగా ఎగరేసే ఫోము విమానాలూ, తమంతట తామే నిలబడే డ్రోన్లూ వచ్చాక, పాత పద్ధతి అంటే ఏమిటని ప్రతి ఏడూ తగువే. ఆ తగువు తెగ్గొట్టడానికి నియమాలు రాసింది గురుమూర్తన్నే. ఫోము కూడదు. కొన్నది కూడదు. చేసినవాడే ఎగరేయాలి. "ఈ విమానం పూర్తిగా నా చేతులతో చేసినది" అని కాగితం మీద సంతకం పెట్టాలి. విమానాల్ని తిప్పి చూసి ఒప్పుకునేదీ, కొట్టేసేదీ ఆయనే.

మూడేళ్ల కిందట నా విమానాన్నే కొట్టేశాడు. ఫిల్ము ఒక అంగట్లో కప్పించానని బుద్ధి తక్కువై నిజం చెప్పాను.

"రెక్కకు తోలు కప్పనోడు విమానం చేసినోడు కాదప్పా," అన్నాడు అందరి ముందూ. "తోలు కప్పేదే ప్రాణం పోసేది."

అక్క అక్కడే చాప మీద కూర్చొని చిత్రాన్నం డబ్బాలు విప్పుతోంది. తల ఎత్తలేదు. నాకు అన్న మీద వచ్చిన కోపంలో సగం ఆమె తల ఎత్తనందుకు వచ్చింది.

ఆ సాయంత్రం తిరిగి వస్తుంటే అన్న ముందు సీట్లో గురకపెడుతున్నాడు. అక్క వెనకనుంచి మెల్లగా అంది. "నాకు మెప్పులు వద్దప్పా. చెయ్యి ఎవరిదని ఎవరన్నా అడిగితే, ఆయన నోటితో ఒక్కసారి నా పేరు చెప్తే సాలు. ముప్పై ఏండ్లాయె. ఇంకా కాసుకోని ఉండాను."

రెండేళ్లుగా ఆమె కుడి భుజం పైకి లేవడం లేదు. ఇస్త్రీపెట్టె పట్టుకోవద్దని డాక్టరమ్మ చెప్పింది. ఎడమ చేత్తో కుడి మోచేతిని ఆనించుకొని, పెట్టెను అంగుళం అంగుళం జరుపుతూ నిరుటి రెక్క కప్పింది. కప్పి ఒకరోజంతా పడుకుంది. భుజం నొప్పేనా అని అడిగితే, "నొప్పి కాదు, బేజారు" అంది.

ఈ ఏడు క్లబ్బుకు సహన వచ్చింది. ఆస్పత్రి ల్యాబులో పని చేసే ఇరవై అయిదేళ్ల పిల్ల, అనంతపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉంటోంది. డ్యూటీలు మారినప్పుడల్లా దొరికిన గంటల్లో కూర్చొని, ఏడు నెలలు పట్టి బాల్సా గూడు చేసుకుంది. ఫిల్ము దగ్గర చిక్కుకుంది. నేనే అక్క దగ్గరికి తీసుకుపోయాను. అన్న ఆ రోజు మైదానంలో ముళ్లకంపలు కొట్టించడానికి పోయి ఉన్నాడు.

"ఆంటీ, ఎంత ట్రై చేసినా బబుల్స్ వచ్చేస్తున్నాయి. ఒక రెక్క మీరు చేసి చూపిస్తారా? ప్లీజ్," అంది ఆ పిల్ల. "హీట్ ఎంత పెట్టాలి? మీకెట్లా తెలుస్తుంది?"

అక్క మొహంలో ఏదో వెలిగి ఆరింది. వద్దంటుందనుకున్నాను. పెట్టె తీసి చెంప దగ్గరికి తెచ్చుకొని, ఆ పిల్ల చెంప దగ్గరా పెట్టి చూపించింది. ఒక రెక్క చేసి చూపిస్తానన్నది రెండూ చేసేసింది. కొసన ఫిల్మును గోరంత వెడల్పున లోపలికి మడిచి, బొటనవేలి గోటితో రుద్దింది. చీర పాలిష్ అంగట్లో అంచు మడిచేది అట్లాగేనట. ఆ మడత ఇంకెవరూ వేయరు.

పోటీకి ముందు సహన నన్ను అడిగింది, కాగితం మీద సంతకం పెట్టవచ్చా అని. "పెట్టు తల్లీ," అన్నాను. "నాలాగ నిజం చెప్పి చెడిపోకు." ఆ మాట అన్నది నేనే. ఎవరిమీదికీ తోసెయ్యను.

పోటీనాడు బొమ్మసంద్ర దాటి ఇంకా లోపలికి, ఎండిపోయిన చెరువులో ఇరవై మందిమి చేరాం. మైదానం ఏడాదికేడాది దూరం జరుగుతోంది, లేఅవుట్లు వెనకే తరుముకొస్తున్నాయి. ఎనిమిదింటికే ఎండ మాడుతోంది. అన్న విమానాల్ని ఒక్కొక్కటే ఎత్తి చూస్తూ సహన దగ్గరికి వచ్చాడు. గూడు చూశాడు, అతుకులు చూశాడు, తల ఊపాడు. రెక్క తిరగేశాడు. కొసన మడత మీద బొటనవేలు ఆనించి ఆగాడు.

పట్టేశాడు, ఇంక చెప్తాడు అనుకున్నాను. చాప మీద అక్క చేతులు కూడా డబ్బా మూత మీద ఆగిపోయాయి.

"ఇది నువ్వు చేసింది కాదమ్మా," అన్నాడు. "బాగా పండిన చెయ్యి. ఇంత బిగువు కొత్తోళ్లకు రాదు. యాడ చేయించినావు? ఏ అంగడి?"

తిట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. ముప్పై మూడేళ్లు ఆ చేతి మీద ఎగిరిన మనిషి, ఆ చేతిని పట్టుకొని ఏ అంగడి అని అడుగుతున్నాడు. సహన బెదిరిపోయి అక్క వైపు చూసింది.

అక్క నేలకు చెయ్యి ఆనించి, కష్టంగా లేచి నిలబడింది.

"మన ఇంట్లో," అంది.

అన్నకు వెంటనే అర్థం కాలేదు. ఆమెను చూశాడు, రెక్కను చూశాడు. తర్వాత నడుచుకుంటూ పోయి, గడ్డి మీద పెట్టిన తన విమానాన్ని తిరగేసి, రెక్క కొసన చూశాడు. అదే మడత. రెండో కొసన చూశాడు. అక్కడా అదే. అక్కడే మోకాళ్ల మీద చాలాసేపు కూర్చుండిపోయాడు.

"సారీ అంకుల్, తప్పు నాది. నేనే సైన్ చేశాను," అంది సహన.

ఆయన తిరిగి వచ్చి సహన కాగితం మీద అడ్డగీత గీశాడు. "ఎగరేసుకో. పోటీలోకి మాత్రం రాదు," అన్నాడు. తర్వాత తన కాగితం తీసి దాని మీదా గీత గీశాడు. పోనీలే సార్, ఇంట్లోవాళ్ల సాయం లెక్క కాదు అని ఎవరో అన్నారు. ఆయన ఆ మాట విననట్టే ఉన్నాడు. పేరు మాత్రం చెప్పలేదు. అంత గీత గీయగలిగిన మనిషికి ఆ నాలుగక్షరాలు నోట రాలేదు. నాకు ఒళ్లు మండింది.

సహన విమానం ఎగిరింది. చెరువు గట్టు మీదుగా, గీత గీసినట్టు. అక్క ఎడమ చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకొని అది దిగేదాకా చూసింది. ఆ కాసేపు ఆమె మొహంలో అలసట లేదని ప్రమాణం చేసి చెప్పగలను.

వ్యానులో అన్న నిద్రపోలేదు. సిల్క్‌బోర్డు కూడలి దగ్గర బండ్లలో ఇరుక్కున్నప్పుడు, "ఆ పిల్లకు నువ్వు చేసిపెట్టకుండా ఉండల్సింది," అన్నాడు.

"ఇంక ఎవరికీ చెయ్యనులెండి," అంది అక్క. "మీకూ చెయ్యను. నా చేత కాదు."

రెక్క ఆమె ఒళ్లోనే ఉంది.

గురువారం మధ్యాహ్నం, వ్యానులో మరిచిపోయిన డబ్బాలు ఇవ్వడానికి వాళ్లింటికి పోయాను. నడిమింట్లో ఫిల్ము కాలిన వాసన. అన్న తన రెక్క మీదినుంచి అక్క కప్పిన ఫిల్మంతా ఒలిచేశాడు. అది నేల మీద చీర కుప్పలా పడి ఉంది. వచ్చే ఏడు కాగితం మీద రాసేది నిజం కావాలని, తానే కొత్తగా కప్పుకుంటున్నాడు. అప్పటికే మూడుచోట్ల చిల్లులు పడ్డాయి. గోడవారగా చాప మీద అక్క అటు తిరిగి పడుకొని ఉంది. తన చేతిపనిని ఒలుస్తుంటే ఆ చప్పుడు అంతా విని ఉంటుంది. నాకు డబ్బాలు అక్కడే పడేసి పోవాలనిపించింది.

రెక్క కొసల్లో రెండు మడతలు మాత్రం అట్లాగే ఉన్నాయి.

"ఇవి తీయలేదే?" అన్నాను.

"రాలేదప్పా," అన్నాడు.

గోరు పెట్టి లాగితే వచ్చేవే.

ఆయన పెట్టె మళ్లీ ఆనించాడు. ఫిల్ము చుర్రుమని ముడుచుకొని నాలుగో చిల్లు పడింది. పెట్టెను నిలబెట్టి, కాసేపు దానివైపు చూసి, చాప వైపు తిరిగాడు.

"సత్యభామా," అన్నాడు. ఆయన ఆమెను పేరు పెట్టి పిలవగా నేను వినడం అదే మొదలు. "వేడి ఎంత ఉండల్ల? ఎట్లా తెలుస్తాది నీకు?"

అక్క ఇటు తిరగలేదు.

"చెంపకాడ పెట్టుకుంటే తెలుస్తాది," అంది.

ఆయన పెట్టెను చెంప దగ్గరికి తెచ్చుకున్నాడు. "ఇన్నేండ్లూ చెప్పలేదే ఇది?"

"మీరు అడగలేదు," అని, అక్క దుప్పటి భుజం మీదికి లాక్కుంది.