వదిన వస్తే తగ్గే నొప్పి

1979 నవంబరు 12, సోమవారం, ఉదయం ఏడు ఇరవై. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు పోయే బస్సు గుంతలో పడి ఎగిరింది. వెనక సీటులో నా పక్కనున్న మా ఆయన "అబ్బా" అని వంగిపోయారు. నాలుగేళ్లుగా మూత్రపిండాల జబ్బు. ఆ నెల చూపించుకోవడానికే పోతున్నాం.

నంద్యాల డాక్టరు ఎక్స్‌రే తీయించి, నడుము దగ్గర పూస నలిగిందన్నారు. ఆ జబ్బులో ఎముకలు గుల్లబారతాయట. చెక్క మంచం, బెల్టు, కాపడం, నొప్పికి జ్వరం మాత్ర, అంతే. గట్టి నొప్పిమాత్ర వేస్తే మూత్రపిండాల్లో మిగిలిన సత్తువ కూడా పోతుందని రెండుసార్లు చెప్పారు. రోజూ మూత్రం కొలిచి రాయమన్నారు. రాశాను.

ఆయన అక్కది పక్కవీధి. రోజూ సాయంత్రం అయిదుకు వచ్చేది. పగలంతా నేను దుప్పటి పట్టి మెల్లగా పక్కకు తిప్పుతుంటే ఆయనకు మూలుగే. నాలుగు నుంచే "మే, అక్క యాడుంది? ఇంకా రాలేదే?" అనేవారు. ఆమె వచ్చిన అరగంటకు నవ్వులు.

"నువ్వు లెక్కలు రాసుకో మే. నా తమ్ముని నొప్పి సంగతి నేను సూస్కుంటా" అనేది వదిన. నాకు ఒళ్లు మండేది.

నవంబరు 28న పరుపు కింద మాత్రల రేకు దొరికింది. ఎనిమిది ఖాళీలు. డాక్టరు వద్దన్న మాత్రే. వదినను నిలదీయలేదు. మరునాడు అంగట్లో అవే కొని, పొద్దున్నే రెండు ఇచ్చాను. సాయంత్రం ఆమె వచ్చేసరికి ఆయన నాతో నవ్వుతున్నారు.

"ఏందప్పా, అప్పుడే తగ్గిందే?" అంది గడపలో నిలబడి.

"నా పెండ్లాం చేతిలో కూడా మందుంది లేక్కా" అన్నారు. ఆ మాట కోసం పదహారేళ్లు కాపురం చేశాను. ఆమె కూడా మాత్ర ఇవ్వడం మానలేదని నాకు తెలుసు.

లీటరున్న మూత్రం డిసెంబరు 8కి అరలీటరైంది. అంకె నా చేత్తోనే వేశాను. మానితే మళ్లీ ఆమె కోసమే చూస్తారని రోజూ రెండు చొప్పున ఇంకా అయిదు రోజులు ఇచ్చాను.

డిసెంబరు 13న పావులీటరు. కాళ్లు, ముఖం ఉబ్బాయి. నంద్యాలకు ముగ్గురమూ పోయాం.

"వద్దన్న మాత్రలు ఎవరిచ్చారమ్మా?" అన్నారు డాక్టరు, నేను రాసిన అంకెలు చూసి.

"మా వదిన" అన్నాను.

"నేనే సామీ" అని ఆమె ఏడ్చింది. మా ఆయన నా వైపు చూశారు.

జనవరి 20, ఆదివారం, పోయారు.

ఆమె ఇచ్చినవి ఇరవై మూడు మాత్రలు. నేనిచ్చినవి ముప్పై. పోయినవి: వెన్నులో ఒక పూస, రెండు మూత్రపిండాలు, ఒక మనిషి. ఆ తర్వాత వదిన మా గడప తొక్కలేదు.